రెండోసారి పిలిచేదాకా

నేను ఇంతకుముందు ఎప్పుడూ ఏదీ రాయలేదు. నాలుగో తరగతితో నా బడి అయిపోయింది. చదవడం వచ్చు... మెల్లగా, వేలు పెట్టుకుని. రాయాలంటే మాత్రం చెయ్యి వణుకుతుంది. నలుగురిలో నోరు విప్పాలన్నా అంతే. కొట్లో ఉప్పు కావాలన్నా మా ఆయన్నే ముందుకు తోస్తాను.

ఇది మా చిన్నదాని లెక్కల నోటుబుక్కు. వెనక పేజీలు ఖాళీగా ఉంటే తీసుకున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. ఇవాళ్టికి ముప్పై ఆరు రోజులయింది. దేనికి అని ఇప్పుడే అడక్కండి, చివరికి మీకే తెలుస్తుంది. అందుకే తొందర.

మా దీవిలో కింది ఊరు అని ఒకటుంది. దానికి మంచి పేరు లేదు.

మేముండేది పై ఊళ్ళో. ఎప్పుడో నిప్పుల కొండ పగిలి సముద్రంలో మునిగిపోగా మిగిలిన అంచు మీద. మా గుమ్మం దాటి పాతిక అడుగులేస్తే ఇక నేల లేదు, కింద నీళ్ళే. కింది ఊరు వెనక వైపు లోయలో ఉంది. మెత్తటి బూడిద గోడల్లోకి తొలిచిన ఇళ్ళు. పెద్ద భూకంపం వచ్చిన ఏడాది అందరూ సామాన్లు కంచరగాడిదల మీద వేసుకుని పైకొచ్చేశారు. తలుపులు ఊడిపోయి, లోయకి రెండు వైపులా గుమ్మాలు నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. ఒక్క ఇంట్లోనే దీపం వెలుగుతుంది. జంబెతా అత్త ఇల్లు.

చీకటి పడ్డాక ఆ ఇంటి ముందు నుంచి ఎవరూ నడవరు.

నడిస్తే... పేరు పెట్టి పిలుస్తారు. ఒక్కసారే. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. వాననీళ్ళ తొట్టి మీద మూత, పక్కన అంజూర చెట్టు, అంతే.

పలికితే మాత్రం నలభై రోజులు దాటవు. గొర్రెలు కాసే వాంగెలాస్ "ఆఁ, ఎవరూ?" అన్నాడు. ముప్పై ఏడో రోజున కొండ అంచు మీంచి జారిపోయాడు. అతని గొర్రెలు మూడు రోజులు అక్కడే నిలబడి కిందికి చూస్తూ అరిచాయి. ఇది నేను చిన్నప్పుడు నా కళ్ళతో చూసిందే.

చచ్చినవాడు ఒక్కసారే పిలవగలడని మా వాళ్ళ నమ్మకం. రెండోసారికి వాడికి ఊపిరి ఉండదట. అందుకని మా దీవిలో మొదటి పిలుపుకి ఎవరూ పలకరు. తలుపు దగ్గర ఎవరైనా సరే పేరు రెండుసార్లు పిలవాలి. చర్చి గురువుగారు కూడా అంతే. ఏథెన్సు నుంచి కొత్తగా వచ్చిన టీచరు మొదటి రోజు హాజరు పిలిస్తే ఒక్క పిల్లా పలకలేదు. పాపం అందరికీ 'రాలేదు' అని వేసుకుంటూ పోయిందట, ఎదురుగా పదకొండు మంది కూర్చుని ఉంటే!

"పన్నులాయన మూడుసార్లు పిలుస్తాడు. వాడికి దెయ్యాలు కూడా తలుపు తీయవు" అంటాడు మా ఆయన సిదెరిస్. మా ఆయన రేవు నుంచి పై ఊరికి కంచరగాడిద మీద బరువులు తోలతాడు. ఆ జంతువు పేరు దొరసాని. ఇద్దరిలో ఎవరికి మొండితనం ఎక్కువో ఊళ్ళో ఇంకా తేలలేదు.

ఆ ఇంటికి ఆ చెడ్డపేరు ఎలా వచ్చిందంటే...

జంబెతా అత్త మొగుడు మతేయోస్ బూడిదమట్టి గనిలో పని చేసేవాడు. ఒకరోజు మట్టి విరిగి మీద పడింది. పాతిపెట్టారు. మూడేళ్ళయ్యాక మా పద్ధతి ప్రకారం తవ్వారు. ఎముకలు తీసి, ద్రాక్షసారాతో కడిగి, పెట్టెలో పెట్టి చర్చి వెనక గదిలో పెట్టాలి. అప్పుడే ఆ మనిషి పూర్తిగా వెళ్ళిపోయినట్టు. సారా గిన్నె పట్టుకుని జంబెతా అత్త గుంట పక్కన నిలబడి ఉంది. ఐదేళ్ళ కూతురు ఫ్లోరా ఆమె గౌను పట్టుకుని ఉంది.

ఎముకలు లేవు. మనిషి ఉన్నాడు.

పెట్టినవాడు పెట్టినట్టే. మీసం కూడా ఉందట.

మా మట్టి పొడి మట్టి, అందులో అలాగే అవుతుందని ఏథెన్సు డాక్టరెవరో తర్వాత అన్నాడు. అది ఎవరు వింటారు? బోర్లా తిప్పి మళ్ళీ పూడ్చేశారు. ఆ వారంలోనే పిలుపులు మొదలయ్యాయి.

ఫ్లోరాని ఏ పిల్లా ఆటకి రానివ్వలేదు. రాళ్ళేశారు. ఒక రాయి తగిలి నుదురు చిట్లింది కూడా. "ఇక్కడుంటే దీన్ని మనిషిలా చూడరు" అని జంబెతా అత్త పిల్లని పిరేయస్ పట్నంలో ఉన్న చెల్లెలితో పంపించేసింది. పడవ కదిలేదాకా నిలబడిందట. ఏడవలేదట. అదే తప్పయింది, పిల్లకి అమ్మ ఏడవని మొహమే గుర్తుండిపోయింది.

ఊరంతా పైకొచ్చేసినా ఆమె మాత్రం రాలేదు.

"నా బిడ్డకి ఈ తలుపొక్కటే తెలుసు. నేను పైకెళ్తే అది వచ్చి ఎవరిని అడుగుతుంది?" అనేది.

ఆ ఇంటికి పోయేదాన్ని నేనొక్కదాన్నే. పగటిపూట. నాలుగు బార్లీ రొట్టెలో, కాస్త పప్పుముద్దో పట్టుకెళ్ళేదాన్ని. ఆమెకి అక్షరం ముక్క రాదు. ఏడాదికో, రెండేళ్ళకో వచ్చే ఉత్తరం నేనే చదివి పెట్టాలి. నేను ఎవరితోనూ చెప్పనని ఆమెకి నమ్మకం. నాకు ఎవరితోనైనా చెప్పడమే చేతకాదని ఆమెకి తెలియదు.

పోయిన ద్రాక్ష కోతలప్పుడు ఒక ఉత్తరం వచ్చింది. ఈసారి చెల్లెలు రాసింది కాదు. ఫ్లోరాయే రాసింది. ముత్యాల్లాంటి అక్షరాలు. వేలు పెట్టుకుని చదివాను.

"అమ్మా. ఇరవై నాలుగేళ్ళుగా నువ్వు నన్ను ఒక్కసారి కూడా రమ్మనలేదు. పెద్ద ఉపవాసాలకి ముందు నేనే వస్తాను. ఒక్కసారి వస్తాను. నా మొహం చూడడం ఇష్టం లేకపోతే తలుపు తీయకు. నేను మళ్ళీ విసిగించను."

చదవడం ఆపి ఆమె వైపు చూశాను. జంబెతా అత్త నవ్వుతోంది, బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి.

"తీయకపోవడమేంటే! తలుపు ఊడబీకి పక్కన పారేస్తాను. చూసుకో, వంటచెరుకు చేసేస్తాను!"

ఉన్నట్టుండి నవ్వు ఆగిపోయింది.

"అనెజీనా... పట్నంలో ఒక్కసారే పిలుస్తారు కదా?"

"అవును అత్తా. తలుపు మీద కొట్టి ఊరుకుంటారట కూడా."

"నా బిడ్డ ఇదేం తెలియకుండా వచ్చి ఒక్కసారి పిలిచిందనుకో... నేనేం చేయను? వాడు రోజూ పిలుస్తాడే. వాడు ఏ గొంతుతోనైనా పిలుస్తాడు. మొన్న నీ గొంతుతో పిలిచాడు."

గుమ్మం వైపు చూశాను.

"తలుపు తీసి పెట్టుకుంటే..." అన్నాను.

"తీసి పెడితే వాడొచ్చి కూర్చుంటాడు. పిచ్చిదానా." నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు రాయి తల్లీ. రెండు ముక్కలు చాలు. వచ్చినప్పుడు రెండుసార్లు పిలవమను. అమ్మా, అమ్మా అని. ఇంకేం రాయొద్దు. మిగిలింది నేను నోటితో చెప్పుకుంటాను."

"బడి టీచరుగారితో రాయిద్దామా అత్తా?"

"వద్దు. ఊరంతా తెలుస్తుంది. మళ్ళీ రాళ్ళు పట్టుకుని కూర్చుంటారు. నువ్వు చాలు."

పిల్లలు పడుకున్నాక కాగితం ముందేసుకుని కూర్చున్నాను. 'ఫ్లోరా' అని రాశాను. కోడి గెలికినట్టు వచ్చింది. పక్కన అడ్రసు కోసమని తెచ్చుకున్న ఆమె ఉత్తరం... ముత్యాలు. ఆఫీసులో పని చేస్తుందట. నా రాత చూసి ఏమనుకుంటుంది? మా అమ్మకి ఇలాంటి మనుషులా దిక్కు అనుకోదూ? చింపేశాను. మర్నాడు మళ్ళీ కూర్చున్నాను. మూడో కాగితం మీద 'ఫ్లోరా' దగ్గరే ఆగిపోయి, మడిచి, పిండి డబ్బాలో అడుగున దాచాను. రేపు రాద్దాంలే అనుకున్నాను.

"రాశావా తల్లీ?" అని అడిగింది పై వారం.

నేను తల ఊపాను.

తల ఊపడం ఎంత తేలికో! మాట కూడా అక్కర్లేదు.

ఆ తర్వాత ఆమె మనిషే మారిపోయింది. ఇంటికి సున్నం వేసుకుంది. మోకాళ్ళ నొప్పులతో నిచ్చెనెక్కి మరీ వేసుకుంది. తొట్టి మూతకి నీలం రంగు వేసింది. అది చూసినప్పుడల్లా రాత్రికి రాద్దామనుకునేదాన్ని. చలికాలం వచ్చింది, దక్షిణం గాలి లేచింది, పడవలు ఆగిపోయాయి. ఈ గాలికి ఎవరొస్తారులే అనుకున్నాను.

ఈస్టరు ఉపవాసాలకి ముందు శనివారం గాలి పడిపోయింది.

ఆ రాత్రి ఊళ్ళో ఏటా కట్టే వేషాలు. మగాళ్ళంతా మొహాలకి మసి పూసుకుని, నడుముకి గంటలు కట్టుకుని కాఫీ కొట్టు దగ్గర గెంతుతున్నారు. నేను వెళ్ళలేదు. పిల్లల్ని పడుకోబెట్టి మా ఆయన కోసం చూస్తున్నాను. దీవి అవతలి కొసకి పిండి బస్తాలు తోలుకెళ్ళాడు. చీకటి పడకముందే రావాల్సినవాడు.

మా ఇల్లు ఊరికి చివర, కింది ఊరు నుంచి వచ్చే దారిలో మొదటి గుమ్మం.

"అనెజీనా! అనెజీనా!"

రెండుసార్లు. తలుపు తీశాను. మా ఆయన లోపలికి పడ్డాడు. గడియ పెట్టి, దాని మీద వీపు ఆనించి నిలబడ్డాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"దొరసాని ఏదీ?"

"కట్టేశాను... దీపం తగ్గించు."

"ఏమైంది?"

"తగ్గించమన్నానా!"

తగ్గించాను. గుసగుసగా చెప్పడం మొదలుపెట్టాడు.

బస్తాలు దింపేసరికి పొద్దు పోయింది. చుట్టుదారిలో వస్తే తెల్లారుతుందని లోయ దారి పట్టాడు. కింది ఊరి మొదట్లో దొరసాని ఆగిపోయింది. లాగితే రాదు, కొడితే రాదు. చెవులు రెండూ ముందుకి నిక్కబొడిచి నిలబడింది.

"దాన్ని తిట్టబోయి... అటు చూశాను."

"ఎటు?"

"ముసలమ్మ గుమ్మం వైపు."

వెన్నెల లేదు. అయినా తెల్లగా ఏదో కనిపించింది. తలుపు ముందు. నిలువుగా.

"మనిషంత ఉంది అనెజీనా. ఆడ రూపం. తెల్ల కోటు. కదలదు. నేను దొరసాని ముక్కు మీద చెయ్యి వేసి పట్టుకున్నాను, సకిలిస్తుందేమోనని. అప్పుడది... చెయ్యెత్తింది."

"ఎత్తి?"

"తలుపు మీద పెట్టింది. కొట్టలేదు. ఊరికే అరచెయ్యి ఆనించింది. 'అమ్మా' అంది."

నేను పిండి డబ్బా మీద కూర్చున్నాను.

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారే! ఒక్కసారే అంది. లోపల దీపం... టక్కున ఆరిపోయింది. ముసలమ్మ తెలివైంది. అది ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఎంతసేపో నాకు తెలియదు. మతేయోస్ గాడు... ఇప్పుడు కూతురి రూపంలో వస్తున్నాడే. సొంత పెళ్ళాన్ని తీసుకుపోవడానికి!"

సిలువ గుర్తు వేసుకున్నాడు. దూరంగా కాఫీ కొట్టు దగ్గర గంటలు మోగుతున్నాయి.

వచ్చిందెవరో నాకు తెలుసు. దీవి మొత్తం మీద నాకొక్కదానికే తెలుసు.

చెప్పాలని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే...

బయట అడుగులు.

దారి రాళ్ళ మీద. మెల్లగా... ఆగుతూ... దగ్గరికి వచ్చాయి. మా గుమ్మం ముందు ఆగాయి.

"ఎవరండీ ఇంట్లో?"

ఆడగొంతు. పట్నం మాట. ఏడ్చి ఏడ్చి తుడుచుకున్న గొంతు.

మా ఆయన చెయ్యి నా నోటి మీద పడింది. పిండి వాసన, గాడిద చెమట వాసన. ఇంకో చేత్తో నా భుజం పట్టుకున్నాడు. పాపం, నన్ను కాపాడుతున్నాననుకుంటున్నాడు.

"మనిషేమో..." అన్నాను అతని చేతిలోకి.

"మనిషైతే మళ్ళీ పిలుస్తుంది" అన్నాడు చెవిలో.

మళ్ళీ పిలువు తల్లీ అనుకున్నాను. మళ్ళీ పిలువు. ఇంకొక్కసారి. ఏ మాటైనా సరే.

ఎదురు చూశాను.

దెయ్యానికి భయపడ్డానని రాసుకోవచ్చు, ఎవరూ కాదనరు. కానీ ఇంత దూరం వచ్చి అబద్ధమెందుకు? తలుపు తీస్తే ఆమె మొదట అడిగేది, 'మా అమ్మ ఎందుకు తలుపు తీయలేదు?' అనే. దానికి జవాబు నేను కూర్చున్న డబ్బాలో ఉంది. నేను భయపడింది ఆ ప్రశ్నకి.

బయట నిట్టూర్పు లాంటిది వినిపించింది. తర్వాత అడుగులు... రేవు మెట్ల వైపు. మడమల చప్పుడు. టక్... టక్... టక్.

చచ్చినవాళ్ళు ఎత్తు మడమల చెప్పులు వేసుకోరు. మా ఆయనకి అది తట్టలేదు.

"పోయింది" అన్నాడు. నా నోటి మీద నుంచి చెయ్యి తీసి నుదురు తుడుచుకున్నాడు. "బతికిపోయాం."

అతను నిద్రపోయాడు. నేను డబ్బా మీదే కూర్చుని ఉన్నాను. కోడి కూయకముందే మేక పాలు గిన్నెలో పోసుకుని, ఒడిగుడ్డ కట్టుకుని బయలుదేరాను. ముందు రేవుకే వెళ్ళాలి. అది నాకు తెలుసు. రేవుకి వెళ్తే ఆమె ఎదురుగా నిలబడి మాట్లాడాలి. కాళ్ళు లోయ వైపు నడిచాయి. జంబెతా అత్తకి చెప్పేస్తే చాలు, తల్లే పరుగెత్తుతుంది, తల్లే మాట్లాడుకుంటుంది అనుకున్నాను. అరవై ఎనిమిదేళ్ళ మోకాళ్ళతో నాలుగొందల మెట్లు!

జంబెతా అత్త గుమ్మం దగ్గర ఏదో ఉంది.

చిన్న మిఠాయి పెట్టె. గులాబి రంగు రిబ్బను, మంచుకి తడిసిపోయి ఉంది. రిబ్బను కింద ఒక ఫోటో. ఐదేళ్ళ పాప. ముక్కు అచ్చంగా జంబెతా అత్త ముక్కే. వెనక ముత్యాల్లాంటి అక్షరాలు. వేలు పెట్టుకుని చదివాను. 'నీ మనవరాలు. పేరు జంబెతా.'

దాన్ని ఎందుకు ఒడిగుడ్డ కింద పెట్టేసుకున్నానో నాకు ఇప్పటికీ తెలియదు. చెయ్యే ఆ పని చేసింది.

"అత్తా! అత్తా!"

గడియ తీసిన చప్పుడు. జంబెతా అత్త బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ మొహంలో వెలుగు. యుద్ధం గెలిచొచ్చినట్టు.

"రాత్రి వాడొచ్చాడే. ఈసారి ఏం చేశాడో తెలుసా? నా బిడ్డ గొంతు పెట్టుకొచ్చాడు. అమ్మా అన్నాడు! ఎంత అచ్చంగా... పెద్దయితే దాని గొంతు ఎలా ఉంటుందో అచ్చం అలాగే." గుండె మీద చెయ్యి వేసుకుంది. "దీపం ఆర్పేశాను. తలగుడ్డ నోట్లో కుక్కుకున్నాను. కరిచి పట్టుకుని రెండోసారి కోసం విన్నాను. చూడు, చిగుళ్ళు ఎలా వాచాయో. పలకలేదు అనెజీనా. ఒక్క ముక్క పలకలేదు."

నేను గిన్నె ఆమె చేతికిచ్చాను.

"అది వస్తే రెండుసార్లు పిలుస్తుంది కదా. నువ్వు రాశావుగా?"

పెట్టె మూల నా పొట్టలో గుచ్చుకుంటోంది.

"రాశాను అత్తా" అన్నాను. ఈసారి నోటితోనే అన్నాను.

"ఇంకా ఇవాళ ఒక్కరోజుంది ఉపవాసాలకి. గాలి కూడా పడింది. ఇవాళో, రాత్రికో వస్తుంది" అంది. పాలు తాగుతూ రేవు దారి వైపు చూసింది.

అప్పుడు వినిపించింది, కొండకి అవతల నుంచి, పడవ ఇంజను.

ఎలా ఎక్కానో తెలియదు. మా ఇల్లు దాటి, చర్చి దాటి అంచు దాకా పరుగెత్తాను. కింద, చాలా కింద, నీళ్ళ మీద పడవ గోరంత ఉంది. నీళ్ళ మధ్య నిప్పుల కొండ మిగిల్చిన నల్ల దిబ్బ పక్క నుంచి ఎదుటి పెద్ద దీవి వైపు పోతోంది. వెనక బల్ల మీద తెల్లటి చుక్క. కొండ వైపు వీపు పెట్టి కూర్చుంది.

నా జన్మలో నేను గట్టిగా అరిచింది లేదు. అరిచాను.

"ఫ్లోరా! ఫ్లోరా!"

పద్ధతిగా, రెండుసార్లు. గొంతు ఎదుటి కొండకి తగిలి తిరిగొచ్చింది. చుక్క కదల్లేదు. పడవ వెనక తెల్ల గీత కాసేపుండి, అదీ చెరిగిపోయింది.

ఫ్లోరాకి ఉత్తరం రాయాలంటే అడ్రసు కావాలి. అడ్రసున్న ఉత్తరం ఎప్పుడో తిరిగిచ్చేశాను, అది జంబెతా అత్త దిండు కింద ఉంది. అడిగితే ఎందుకని అడుగుతుంది. పెట్టె పిండి డబ్బాలోనే ఉంది, ఆ కాగితం పక్కనే. జంబెతా అత్త ఇంకా ప్రతి పొద్దున గుమ్మం కడుగుతోంది.

ఆ పొద్దున్న అంచు మీద అలా నిలబడి ఉన్నాను. సూర్యుడు వచ్చాడు. చుట్టూ ఎవరూ లేరు. అప్పుడు నా వెనక నుంచి, లోయ వైపు నుంచి ఎవరో పిలిచారు.

"అనెజీనా..."

మగ గొంతో, ఆడ గొంతో చెప్పలేను. జంబెతా అత్త అయితే కాదు. ఆమె ఎప్పుడూ నన్ను రెండుసార్లే పిలుస్తుంది.

నేను రెండోసారి కోసం ఆగలేదు. వెనక్కి తిరిగి, గట్టిగా, నలుగురికీ వినిపించేలా పలికాను.

"వస్తున్నా."